శాకాహారి అంటే సాధువని చెప్పాను

నేను బడి మెట్లెక్కలేదు. మా నాన్న ఇంట్లోనే పురాణాలు చదివించి నాలుగక్షరాలు నేర్పాడు. అందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆ చదువుకి డైనోసార్లు ఎదురొస్తాయని మాత్రం దేవుడు ముందుగా చెప్పలేదు.

మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి సభలో ఆకులు తినే డైనోసార్ల గురించి మాట్లాడాలి. వేదికెక్కడం అదే మొదలు. తప్పు చెబితే అందరూ నవ్వుతారని దానికి ఒకటే భయం.

"శత్రువులొస్తే అవి ఏటి సేసేవమ్మా?" అని అడిగింది.

శాకాహారి అన్న మాట నాకు కొత్తేమీ కాదు. కార్తీకమాసమంతా నేనూ శాకాహారినే. ఆ నెల్లో నా అంత శాంతమూర్తి ఇంకొకరుండరని నా నమ్మకం. మా అత్త నమ్మకం వేరు. అందుకే తడుముకోకుండా చెప్పేశాను: "ఆకులు తినేవి సాదు జంతువులమ్మా. ఎవుల్నీ ఏటీ సెయ్యవు. దేవుడే సూసుకుంటాడు." అది శ్రద్ధగా బట్టీపట్టింది.

సభకి ముందురోజు పొద్దున్న మా ఆవు ఈనింది. సంతోషం పట్టలేక హారతి పళ్లెంతో నేరుగా దూడ దగ్గరికి నడిచాను. నా వెనకాలే వీధికుక్క కూడా వచ్చిందట, నేను చూసుకోలేదు. ఆవు మా ఇద్దరినీ ఒకే జాతిలో కలిపేసింది. అది తల వంచడం వరకే గుర్తుంది. ఆ తర్వాత నేను పేడా ఆకులూ కుళ్లుతున్న గత్తం కుప్పలో కూర్చుని ఉన్నాను. పళ్లెం చేతిలోనే ఉంది, కర్పూరం ఆరిపోయింది.

"ఏటే, హారతి ఆవుకా, గత్తానికా?" అంటూ మా అత్త పగలబడి నవ్వింది. "ఈనిన ఆవు కాడికి అలగెల్తారేటే?"

"సాదు జంతువు కదత్తా!"

"మరి దాని కొమ్ములు సోకుకనుకున్నావేటి?"

మా అమ్మాయి నవ్వలేదు. లోపలికి పరుగెత్తి డైనోసార్ల బొమ్మల పుస్తకం తెచ్చింది. "అమ్మా, నువ్వు సెప్పింది తప్పు. సూడు, వీటికీ కొమ్ములున్నాయి. దీని తోకకి ముళ్లున్నాయి."

కుప్పలో కూర్చునే చదివాను. కొన్ని పిల్లల్ని వెంటేసుకుని మందగా తిరిగేవట. కొన్ని గూట్లోని కూనలకి మేత తెచ్చిపెట్టేవట. గుడ్ల మీద ఆకులు కప్పితే, అవి కుళ్లిన వేడికే గుడ్లు పిల్లలయ్యేవట.

"కుళ్లితే వేడెక్కుతాదా అమ్మా?"

"ఎక్కుతాదమ్మా," అన్నాను. నేను కూర్చున్న చోటు వెచ్చగానే ఉంది. ఇంత అనుభవంతో నేను చెప్పిన పాఠం మరొకటి లేదు.

మర్నాడు కుంటుకుంటూ వెళ్లి ముందువరసలో కూర్చున్నాను. మా అమ్మాయి వేదికెక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "శాకాహారి అంటే మెతక కాదు. పిల్లల జోలికొస్తే కుమ్మేస్తాది. కావాలంటే మా అమ్మనడగండి," అని నా వైపు చెయ్యి చూపించింది.

సభంతా నవ్వింది, నన్ను చూసి. దాన్ని చూసి ఒక్కరూ నవ్వలేదు.

సభకి ముందే కుమ్మించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంటికొచ్చి ఆవుకి మళ్లీ హారతిచ్చాను, పెరటి గుమ్మం దాటకుండా.