కొట్టేయక్క

ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కొట్టేయక్కే. జేబులు కొట్టేసే రకం అనుకునేరు, కాదు! దూరపు నక్షత్రానికి అడ్డంగా దాని గ్రహం వెళ్తే వెలుగు రవ్వంత తగ్గుతుంది, కాగితం మీద గీత చిన్న గుంటలా దిగుతుంది. ఆ గుంట నిజమో కాదో తేల్చడం అక్క పని. పంతొమ్మిదేళ్లుగా వచ్చిన ప్రతి కాగితానికీ ఒకటే మాట: "కొట్టేయ్." గోరంత గుంటను కొండంత చేసి గంతులేసేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట.

అలాంటి మనిషి మొదటిసారి ఒకదానికి సరేనంది. పదమూడు రోజులకోసారి వచ్చే సన్నని గుంట. గ్రహం అచ్చం మన భూమంత. మర్నాడు పొద్దున పదింటికి లోకానికి చెప్పబోతున్నారు. సాయంత్రం ఆ కాగితం ఇంటికి తెచ్చి, మిషను ముందు కూర్చున్న భర్తకు చూపించింది. ఆయన దర్జీ. అక్క కొట్టేసిన కాగితాలన్నీ ఆయన చేతిలో చొక్కాల నమూనాలై మేకుకు వేలాడుతుంటాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏమేవ్, దీనికి ఎర్రగీతలేవీ?" అన్నాడు.

అక్క కాగితం లాక్కుని చూసింది. అంతరిక్షంలో ఉన్న వాళ్ల టెలిస్కోపు రెండు వారాలకోసారి, ఓ రోజు అటూ ఇటూగా, భూమివైపు తిరిగి సమాచారం పంపుతుంది. తిరిగిన రోజున ఉత్తుత్తి గుంటలు పడతాయి. అందుకే ఆ రోజుల మీద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాకే ఏ కాగితమైనా చూస్తుంది. సంబరంలో దీనికి మరిచిపోయింది! ఈ పదమూడు రోజుల గుంటా ఉత్తుత్తిదే అయితే?

"నా బుద్ధి గడ్డి తింది," అని నెత్తి కొట్టుకుని, ఆఫీసు పెద్దకి ఫోన్ చేసింది.

"గంటలో తేల్చక్కా. తప్పని తర్వాత తేలితే అందరి పరువూ మంటగలుస్తుంది," అన్నాడతను.

"కంగారుపడకే. నువ్వు ఎర్రగీతలు పెట్టిన అవే నెలల కాగితం నా దగ్గరుంది, చొక్కాచేతికి కత్తిరించా," అంటూ భర్త మేకు నుంచి ఒకటి దించాడు. కిటికీ అద్దానికి రెండింటినీ ఒకదానిమీద ఒకటి ఆనించారు. మొదటి గుంట సరిగ్గా ఎర్రగీత మీదే పడింది. రెండోది గీతకు ఒక రోజు ముందు. మూడోది రెండు రోజుల ముందు. ఏడోది వచ్చేసరికి దాదాపు వారం ఎడం! గీత దారి గీతదే, గుంట దారి గుంటదే. అమ్మయ్య! అక్క నేలమీద చతికిలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

ఫోన్ మోగింది. "ఏమంటావక్కా? కొట్టేయమంటావా?"

"కొట్..." అలవాటైన నాలుక కదా! అక్క దాన్ని పట్టి ఆపింది. "వద్దు. ఉంచు."

అవతల సంబరపు కేకలు. ఇవతల అక్క కళ్లు తుడుచుకుంటోంది.

"అయితే ఈ కాగితం నాకు రాదన్నమాట," అన్నాడు భర్త.

"కత్తెర దగ్గరికి తెచ్చావో, చెయ్యి విరగ్గొడతా!"

పంతొమ్మిదేళ్లలో ఆ మేకుకు ఎక్కని మొదటి కాగితం అదే.