నలుసు తీయనన్న అవ్వ

మా పక్కింటి అవ్వ పోయిందని మొన్న పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేశాడు. ఊరికి పోవడానికి ఉన్నపళంగా ముదిగుబ్బ బస్సెక్కాను. అంతటి మనిషి మీద ఒకప్పుడు మూడు రోజులు అలిగాను, సిగ్గులేకుండా.

మా ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడినా అవ్వ దగ్గరికే పోయేవాళ్లు. రెప్ప ఎత్తి, నాలుక కొసతో ఇట్టే తీసేది. మెచ్చుకుంటే విసుక్కునేది, పో, పని చూసుకో పో అని.

నా వంతు వచ్చేసరికి ఆ పని మానేసింది. వేరుశనగ చేలో పెరికిన చెనక్కాయ కట్టెను వామి వేస్తుంటే పొట్టు ఎగిరి నా కంట్లో గుచ్చుకుంది. బాగా నలిపాను. తమ్ముడి కండ్లకలకకు మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కలు మిగిలుంటే, అవీ వేసుకున్నాను. మంట తగ్గినట్టే తగ్గింది. నాలుగు రోజులకు వెలుతురు చూడలేకపోయాను. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. అవ్వ ముందు కూర్చున్నాను.

ఆమె ముట్టుకోలేదు, ఆసుపత్రికి పొమ్మంది. నాకు ఒళ్లు మండింది. ఊరందరికీ తీసినదానివి, నాకు తీస్తే నీ సొమ్మేం పోయిందని అడిగాను. అవ్వ గడప దగ్గరున్న తన పెనిమిటి వైపు చూసింది. ఆ తాతకు ఒక కంట్లో పువ్వు.

"మీ తాతకూ ఇట్లే నాలుకతో తీసినా. పైన ఆకుపసరు పోసినా. ఆ కన్ను నేనే పోగొట్టినానప్పా. అప్పుడే నాలుక పెట్టేది మానుకున్నా. నీది పోగొట్టను."

మా ఇంట్లోవాళ్లంతా చేన్లో ఉంటే తనే నన్ను అనంతపురం తీసుకుపోయింది. డాక్టరమ్మ కంటిపుండును కొద్దిగా గీకి పరీక్షకు పంపింది. బూజు, అంటే ఫంగస్, అని తేలింది. పొట్టు గీసిన చోట అది పట్టిందట, నేను వేసుకున్న చుక్కల్లోని స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచిందట. నాలుక పెట్టి ఉంటే నోట్లోని క్రిములూ తోడయ్యేవని చెప్పింది. అవ్వ తల వంచుకుంది.

ఇంటికొచ్చాక గంటగంటకూ మందు వేయాలి. అంతా విన్నాక కూడా, నాకు తీయలేదన్న ఉక్రోషంతో నేను మూడు రోజులు మూతి ముడుచుకునే పడుకున్నాను. అవ్వ ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి వేసింది. నా అలకను లెక్కచేస్తే కదా!

ఆ తర్వాత చెనక్కాయలు కొట్టే మిషన్ ఊళ్లోకి వస్తే చాలు, కండ్లద్దాలు పెట్టుకోండప్పా అని కనబడినవాళ్లందరినీ సతాయించేది. నవ్వేవాళ్లు నవ్వారు. పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు.

నేను పోయేసరికి అవ్వను చాప మీద పడుకోబెట్టారు. కాళ్లకు మొక్కి లేచి, బాగున్న కంటిని అరచేత్తో మూసుకున్నాను. మచ్చ మిగిలిన రెండో కంటితో చూశాను. అంచులు మసక. అవ్వ ముఖం మాత్రం పూర్తిగా కనిపించింది.