అవ్వ మందకు జాజు గుర్తు

నేను ఆత్మకూరులో డ్రాయింగ్ టీచర్ని. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే నా స్నేహితురాలు కస్తూరి, నేను కలిసి నిరుడు నెల్లూరు ప్రదర్శన కోసం వాళ్లింట్లోనే పెద్ద చెక్కపలక మీద గొర్రెల మంద బొమ్మ చేశాం. కొండకు నా రంగులు, చెట్లకు తన చెక్కముక్కలు. గొర్రెలకు మాత్రం వాళ్ల అవ్వ ఇచ్చిన బొచ్చు అతికించాం. కాళ్లు సహకరించక మందను అమ్మేసినప్పుడు, ఆఖరిసారి కత్తిరించిన ఆ బొచ్చును ఆమె గోతాంలో దాచుకుంది.

మర్నాడే బొమ్మ పంపాలి. కింద ఎవరి పేరు ముందు రాయాలని మాకు మాటామాటా పెరిగింది. నేను విసురుగా వీధిలోకి పోయాను, కస్తూరి వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఇద్దరం తిరిగొచ్చి చూస్తే, తెల్లటి గొర్రెలన్నిటి వీపుల మీదా ఎర్రమట్టి జాజు మరకలు! పక్కనే అవ్వ కూర్చుని వేలు తుడుచుకుంటోంది.

నాకు ఏడుపొచ్చేసింది. "ఏందవ్వా ఈ పని? అంతా పాడుచేసినావు గదా!" అని కస్తూరి అరిచింది.

అవ్వ బిత్తరపోయింది. "నా గొర్రెలే గదమ్మే! గుర్తెయ్యకుండా ఊరు దాటిస్తే ఎవురన్నా తోలుకుపోతారు" అంది. తర్వాత ఒక గొర్రె వీపు నిమురుతూ, "మళ్లా గుర్తేసే రోజొస్తాదనుకోలా" అని నవ్వింది.

కస్తూరి గబుక్కున ఆమెను వాటేసుకుంది. నేను సంతకం కోసం తీసిన కుంచెను కడిగి పెట్టేశాను.

నెల్లూరులో ఒకాయన బొమ్మంతా వెతికి, "ఎవరిదమ్మా ఇది? పేరే లేదు!" అన్నాడు.

"పేరెందుకండీ, గుర్తుంది కదా" అన్నాం ఇద్దరం ఒకేసారి.