కండక్టరమ్మ బీట్‌రూట్ డబ్బా

"ఆసుపత్రి దగ్గరే ఎక్కాను, ఒక్క స్టాపు టికెట్ చాలు" అని ఆ పెద్దమనిషి దబాయిస్తుంటే, కండక్టరమ్మ అతని గొడుగు వైపు చూసింది. గొడుగు మొన నుంచి బూట్ల మీదికి నీళ్లు కారుతున్నాయి.

"ఆసుపత్రి దగ్గర ఎండ మాడ్చేస్తోంది. వాన పడింది మార్కెట్ దగ్గర. మరి ఈ గొడుగు మీకంటే ముందే బస్సెక్కిందా అండీ?"

బస్సంతా గొల్లున నవ్వింది. పెద్దమనిషి మార్కెట్ నుంచి టికెట్ తీసుకుని మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. ముందు సీట్లో ఉన్న ఆమె వదిన, "అవి మా ఆడపడుచు కళ్లు కావు, గాలాలు" అని పక్కావిడతో చెప్పుకుని మురిసిపోయింది. ఆ గాలాలు ఒకనాటికి తనకే తగులుకుంటాయని అప్పుడు తెలియదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కండక్టరమ్మకు ఒకటే పట్టుదల పుట్టింది. డిపోలోకి ఊరికే వెళ్లి బెంచీ మీద పడి ఉండకూడదు, చేతిలో సరుకుతో వెళ్లాలి. ఓవెన్‌లో కాల్చిన ఆమె బీట్‌రూట్ చిప్స్ రుచి చూసి క్యాంటీనువాడు తెమ్మన్నాడు. రెండుసార్లు తీసుకెళ్తే రెండుసార్లూ మెత్తబడ్డాయి. "రేపు సాయంత్రం ఆఖరిసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక మోసుకురావద్దమ్మా" అనేశాడు.

చేయడంలో వంక లేదు. వంకలు పెట్టడమే పనిగా ఉన్న వదినకు కూడా దొరకలేదు. ఒకే మందాన పల్చగా కోసి, గుడ్డతో తడి లేకుండా అద్ది, చెంచాడు నూనె పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి, సన్నటి వేడి మీద మధ్యలో తిరగేస్తూ కాల్చేది. బయటికి తీస్తే గలగలలాడేవి. ఇంకెవరి చేయీ పడకముందే అప్పటికప్పుడు డబ్బాలోకి దిమ్మరించి, మూత బిగించి, చుట్టూ టేపు అంటించి, ఎవరైనా విప్పితే తెలియాలని దాని మీద అడ్డంగా పెన్నుతో గీత గీసేది.

మర్నాడు పొద్దున కూడా గీత చెక్కుచెదరలేదు. చిప్స్ మాత్రం తడిగుడ్డ పేలికల్లా ఉన్నాయి.

"టేపు ఊడదీసి మళ్లీ అతికించారు" అని తేల్చేసి, కండక్టరమ్మ కోడల్ని నిలబెట్టింది. "రాత్రి నీళ్లకి లేచావు కదూ?"

"నీళ్లకి లేస్తే నీళ్లే తాగుతాను అత్తయ్యా."

"అందరూ చెప్పే మాటే అది" అని, అప్పుడే వచ్చిన వదిన వైపు తిరిగింది. "వదినా, నిన్న నువ్వు ఉప్పు కావాలని ఎందుకొచ్చావు?"

వదినకు ఒళ్లు మండింది. పక్క వాటాలో ఉంటూ, ఉప్పు అడగడానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన గతి ఇన్నాళ్లూ పట్టలేదు.

"ఉన్న నాలుగు పళ్లతో నీ చిప్స్ దొంగిలించి ఏం చేసుకుంటానే, చెవులకు పెట్టుకుంటానా?" అంటూ డబ్బా లాక్కుని మూత వెల్లకిలా తిప్పింది. లోపలంతా నీటిబొట్లు.

"తడి గొడుగు చూసి మనిషిని పట్టుకున్నావే, ఈ తడి మూత కనపడలేదూ? వేడివేడిగా కుక్కి మూతేస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది? మమ్మల్ని అనుమానించి నువ్వే ఉడకబెట్టుకుంటున్నావు!"

కండక్టరమ్మ మూతను వెలుతురులో పెట్టి చూసింది, వాసన చూసింది. కత్తి తీసుకుని, బీట్‌రూట్లు ముందేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి ట్రే బయటికొచ్చింది. మూతా గీతా లేకుండా ఫ్యాను కింద బల్ల మీద ఎర్రగా పరుచుకుని ఉంది. డిపోకి వెళ్లాలంటే బట్టలు మార్చుకోవాలి. ఆమెకేమో ట్రే వదిలి కాలు కదలడం లేదు. చివరికి ఒక కుర్చీ లాక్కొచ్చింది.

"వదినా, చల్లారేదాకా నువ్వే కూర్చో. కోడల్ని దగ్గరికి రానీకు."

వదిన తల ఎగరేసి, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. గుమ్మం దాకా వెళ్లిన కండక్టరమ్మ మళ్లీ వెనక్కి వచ్చింది.

"లేచేముందు నన్ను పిలిచి, ఒక్కసారి నాలుక చాపి చూపించు. బీట్‌రూట్ ఎరుపు అంత తొందరగా పోదు."