హార్డ్ డిస్క్ లేని ల్యాప్‌టాప్‌లో మూడు వాక్యాలు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను పుస్తకం తీసుకుని పక్కగదిలోకి వెళ్లే రకం. భయంతో కాదు, విసుగుతో. నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను. ఆ పేజీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మాది మహబూబాబాద్. భూపాలపల్లిలో ఉండే మామ తన కూతురు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ నాకిచ్చాడు. దాని హార్డ్ డిస్క్ పాడైంది. స్క్రూడ్రైవర్‌తో నేనే విప్పి తీసి అలమరలో పెట్టాను. కొత్త డిస్క్ ఆదివారం వస్తుందన్నారు.

సోమవారం ఉదయం నాకు పరీక్ష. ఇంట్లోనే కూర్చుని తెలుగు పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం. పరీక్ష కూడా ఇంటి నుంచే, బ్రౌజర్‌లో. నలుగురిలో నోరు పెగలని నాకు అంతకన్నా సరిపోయే పని దొరకదు.

పాత యంత్రం కాబట్టి విండోస్ బదులు యునిక్స్ తరహా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా వేద్దామనుకున్నాను. ఫోన్‌లో చదివి చదివి మూడు తేల్చుకున్నాను: ఉబుంటు, డెబియన్ అనే రెండు లినక్స్‌లు, బీఎస్‌డీ కుటుంబానిది ఇంకొకటి. మూడింటినీ మూడు పెన్‌డ్రైవ్‌ల మీద ఎక్కించాను. ల్యాప్‌టాప్‌లో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ఆపేస్తే మనం చేసినదేదీ మిగలదు.

ఇదంతా చెబితే బాపు వాకిట్లో వడ్లు చెరుగుతూ విన్నాడు. "గిదేముంది బిడ్డా! విత్తనం అలికే ముందు తడిబట్టల కట్టి మొలక చూస్తం. గట్లనే గదా?"

"గట్లనే బాపూ."

జనగామలో పనిచేసే అన్న శనివారం వచ్చాడు. "లినక్సా? గదేందే, మందు గోలీ పేరా? ఉన్న డబ్బాను ఆగం జేస్తవ్. రేపు పొద్దూకెదాంక చూస్త. గాకపోతే జనగామ తీస్కపోయి మా దోస్తు షాపుల ఇస్త."

ఆ షాపులో ఇస్తే తిరిగి రావడానికి వారం. ఈలోగా పరీక్ష అయిపోతుంది.

మూడు పెన్‌డ్రైవ్‌లకూ నేను పెట్టిన పరీక్ష ఒకటే. వైఫై దొరుకుతుందా, తెలుగు ఒత్తులు సరిగా పడుతున్నాయా? టైపింగ్ చూడటానికి ఆ రోజు డైరీలోని మొదటి వాక్యం కొట్టి, సేవ్ చేయకుండా మూసేసేదాన్ని.

గురువారం, ఉబుంటు: "ఈ రోజు కరెంటు మూడుసార్లు పోయింది." బాగుంది కానీ ల్యాప్‌టాప్‌లోని కొద్దిపాటి మెమరీకి బరువైంది.

శుక్రవారం, బీఎస్‌డీ: "పక్కింటి అవ్వ చింతకాయలు ఇచ్చింది." దాన్ని ఎలా వాడాలో చెప్పే పత్రాలు నవలలా చదివించాయి. ల్యాప్‌టాప్‌లోని పాత వైఫై కార్డునే అది గుర్తించలేదు.

శనివారం, డెబియన్: "అన్న వచ్చాడు, నాకు గుండెదడగా ఉంది." ఆడంబరం లేదు, అన్నీ పనిచేశాయి. ఇదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం కొత్త డిస్క్ వచ్చింది. పొట్లం విప్పే ముందు ఇంకొక్కసారి ఒత్తులు చూద్దామని డెబియన్ పెన్‌డ్రైవ్ పెట్టి, టైప్ చేసే ఎడిటర్ తెరిచాను.

అది ఖాళీగా లేదు. కరెంటు వాక్యం, చింతకాయల వాక్యం, అన్న వాక్యం. మూడూ వరుసగా ఉన్నాయి.

పాత డిస్క్ అలమరలో ఉంది, కొత్తది పొట్లంలో ఉంది. రెండు పెన్‌డ్రైవ్‌లను ఎప్పుడూ ఒకేసారి పెట్టలేదు. ఇంటర్నెట్‌లో ఏ ఖాతాలోకీ వెళ్లలేదు. డైరీ నా పెట్టెలో తాళం వేసి ఉంది. ఇంట్లో తెలుగు టైపింగ్ వచ్చింది నాకొక్కదానికే.

అప్పుడే అన్న గుమ్మంలోకి వచ్చాడు. నేను తెరను గోడవైపు తిప్పాను.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? ఖరాబైందా? ఇటియ్యి, తీస్కపోత."

నిజం చెబితే ల్యాప్‌టాప్ ఆ సాయంత్రమే జనగామ బస్సెక్కుతుంది. అన్న మాటకు అడ్డం చెప్పడం నాకు అలవాటు లేదు.

"ఖరాబు కాలేదన్నా. నాకొక గంట కావాలె. నువ్వు బయట కూసో."

వాకిట్లోంచి బాపు గొంతు వినిపించింది. "మొలక చూస్తుందిరా. కదిలియ్యకు."

అన్న గొణుక్కుంటూ వెళ్లాడు. మూడు వాక్యాలనూ పెన్నుతో డైరీలోకి ఎక్కించి టైము వేశాను. ఫోటో తీయాలన్న ఆలోచనే రాలేదు, ఆ పొరపాటు నాదే. తర్వాత ల్యాప్‌టాప్ ఆపి కొత్త డిస్క్ బిగించాను. స్క్రూ రెండుసార్లు కింద పడింది.

డెబియన్‌ను దాని మీదికి ఎక్కించేసరికి గంట దాటింది. పెన్‌డ్రైవ్ తీసేశాక డెబియన్ కొత్త డిస్క్ నుంచే మొదలై, నా పేరు చూపించి పాస్‌వర్డ్ అడిగింది.

అన్న వంగి చూశాడు. "నువ్వే జేసినవా?"

"నేనే."

అంత గట్టిగా నేను ఆ ఇంట్లో ఏ మాటా అనలేదు. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. ఈమధ్య అన్న జనగామ నుంచి దోస్తుల పాత ల్యాప్‌టాప్‌లు మోసుకొస్తున్నాడు. "మా చెల్లె జేస్తది" అని వాళ్లకు చెబుతున్నాడట.

ఆ పెన్‌డ్రైవ్‌ను తర్వాత చాలాసార్లు నడిపి చూశాను. ప్రతిసారీ ఖాళీయే. పేరు చెప్పకుండా ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో అడిగితే, అలా జరగడం అసాధ్యమని, మీరే టైప్ చేసి మరిచిపోయి ఉంటారని ఒకాయన రాశారు. అసాధ్యమని నాకూ తెలుసు. మరిచిపోయానేమో అని కూడా చాలా రోజులు ఆలోచించాను. ఆ ఆదివారం ఎడిటర్ తెరవక ముందు నేను ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.

ఆ వాక్యాలు అక్కడికి ఎలా వచ్చాయో ఈనాటికీ చెప్పలేను. అవి చూశాక కూడా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నానని గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఒక్కదాన్నే ఉంటే, నవ్వుకుంటాను.