పోపుల డబ్బాలో మెమరీ కార్డులు

బస్సు యాత్రకు పనులు పంచుకున్నప్పుడు ఒకరి చేతికి మైకు ఇచ్చారు, ఒకరి మెడలో డప్పు వేశారు, నాకేమో మెమరీ కార్డులు అప్పగించారు. అవి పోకుండా చూసుకోవడమే ఉద్యమంలో నా పాత్ర.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. నేను యూనివర్సిటీలో జర్నలిజం చదువుతూ, తార్నాకలో ఒక ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. మా క్లాసులో ఒకడికి మంచి కెమెరా ఉండేది. ఫోటోలు అద్భుతంగా తీసేవాడు గాని కెమెరా తప్ప ఇంకేదీ వాడి దగ్గర నిలిచేది కాదు. చెప్పులు గుడి బయట కాదు, క్లాసు రూములో పోగొట్టుకున్న మనిషి. ఒకసారి కళ్ళజోడు పోయిందని క్యాంటీన్ అంతా వెతికించి, చివరికి కెమెరా సంచిలో లెన్సు పక్కన దొరికితే, "లెన్సే గదా, లెన్సు కాడ పెట్టిన" అన్నాడు. అలాంటివాడి చేతికి కార్డులిస్తే యాత్ర మొత్తం గాల్లో కలిసిపోతుందని అందరూ తీర్మానించి, ఆ బరువు నా నెత్తిన పెట్టారు. లాప్‌టాప్ ఉన్న స్నేహితుడు సరిగ్గా అప్పుడే దాన్ని పట్టుకుని ఊరెళ్ళాడు. కాబట్టి యాత్ర అయ్యేదాకా ఫోటోలన్నీ కార్డుల్లోనే ఉండాలి.

మొదట వాటిని నా చిల్లర పర్సులో వేసుకున్నాను. యాత్రకు రెండు రోజుల ముందు క్యాంపస్‌లో ఊరేగింపు ఫోటోలు తీసి, ఇంటికి వెళ్తూ సిటీ బస్సులో కండక్టరుకు చిల్లర ఇచ్చాను. ఆయన అరచేతిలో ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందమ్మా గిది? గిది నడువది" అన్నాడు.

ఊరేగింపు మొత్తం ఆయన చేతిలో ఉంది. లాక్కున్నంత పని చేసి వెనక్కి తీసుకున్నాను.

తర్వాత జామెట్రీ బాక్సులో పెట్టాను. నడిస్తే చాలు, గలగలమని మోత. మా ఫోటోగ్రాఫర్ "జంగిడి గొడ్లు వస్తున్నట్టున్నది, మెడల గంట గట్టిన్రా?" అన్నాడు. పైగా నిండిన కార్డు ఏదో ఖాళీది ఏదో తెలియడం లేదు. నిండినవాటికి ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టడం మొదలుపెట్టాను గాని, చుక్క ఆరకముందే మూత పెడితే, ఖాళీవాటికీ రంగంటింది. ఎర్రచుక్క లేని కార్డు అంటూ మిగల్లేదు.

యాత్రకు ముందు రోజు సాయంత్రం మా ఇంటి ఆంటీ కాఫీకి కిందికి పిలిచింది. ఆంటీ వాళ్ళది కృష్ణా జిల్లా. అంకుల్ బ్యాంకు ఉద్యోగం మీద ఎప్పుడో హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను జై తెలంగాణ అంటానని ఆంటీకి తెలుసు. అప్పుడప్పుడు దోసె తిరగేస్తూ, "ఏమ్మా, రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా ఏంటి?" అని అడిగేది. "మీరు పోతే నాకు పొద్దున కాఫీ ఎవరిస్తరాంటీ?" అనేదాన్ని. ఆ జవాబుతో ఆమెకు ధైర్యం వచ్చేదో లేదో గాని, కాఫీ మాత్రం వచ్చేది.

ఆ రోజు ఆమె వంటగదిలో పోపుల డబ్బా కనిపించింది. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల చిన్న చిన్న గిన్నెలు, దేనికది వేరు.

"ఆంటీ, గసొంటి డబ్బా పాతది ఏమన్న ఉన్నదా?"

"పోపు పెట్టుకుంటావా? గదిలో స్టవ్ వద్దని చెప్పానుగా."

"పోపుకు కాదాంటీ, కార్డులకు."

ఆంటీకి సగం అర్థమయింది, సగం అర్థం కాలేదు. కాని అటక మీంచి అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసి ఇచ్చింది. రెండూ ఒకే కొట్లో కొన్నవట. గోళ్ళరంగంతా గీకేసి, నిండిన కార్డులు ఆవాల గిన్నెలో, ఖాళీవి జీలకర్ర గిన్నెలో, సగం నిండినవి మెంతుల గిన్నెలో అని నియమం పెట్టుకున్నాను. మా ఊరు కూడా యాత్ర దారిలోనే ఉంది కాబట్టి, మా ఊళ్ళో తీయబోయే కార్డుకు మధ్య గిన్నె కేటాయించాను. ఆ డబ్బాను చున్నీతో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఆ యాత్రలో నా అంత నిమ్మళంగా ఎవరూ లేరు.

ఫోటోగ్రాఫర్ కార్డు నిండగానే గుంపులోంచి "ఆవాలు!" అని అరిచేవాడు. నేను పరుగెత్తి నిండినది తీసుకుని ఖాళీది ఇచ్చేదాన్ని. కొత్తగా చేరినవాళ్ళు ఇదేదో రహస్య సంకేతమనుకున్నారు. జనగామ దాటాక ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, మెల్లగా, "ఆవాలంటే పోలీసోళ్ళు వస్తున్నట్టా బిడ్డా?" అని అడిగాడు.

పోలీసులు నిజంగానే వచ్చారు. ఒకచోట బస్సు ఆపి సంచులన్నీ చూస్తున్నారు. ఒక కానిస్టేబుల్ నా ఒళ్ళో మూట విప్పమన్నాడు.

"ఏందమ్మా గిది? పోపు సామానా?"

"కాద్సార్. కార్డులు."

"మరి జీలకర్ర వాసనొస్తున్నది?"

"పాత డబ్బా సార్."

ఆయన ఒక్కో గిన్నె దగ్గర ముక్కు పెట్టి చూశాడు.  కార్డులు లాక్కుంటాడేమో అనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మొన్న జనగామ కాడ బందోబస్తుల ఉన్న. గీ ఫోటోలల్ల నేను పడ్డనా?" అని అడిగాడు.

మా ఫోటోగ్రాఫర్ సీటులోంచి లేచి, "పడ్డరు సార్. డప్పు కొడుతుంటే నవ్వుకుంట నిలబడ్డరు" అన్నాడు.

"నవ్వుకుంటనా? అరె, మా సారు చూస్తే ఊకోడు. గది తీసెయ్యి. గిప్పుడు ఇంకోటి తియ్యి, మంచిగ, సీరియస్‌గ."

బస్సు ముందు లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. సీరియస్‌గా ఉండాలని ఆయన ఎంత బిగుసుకుంటే బస్సులోవాళ్ళు అంత నవ్వారు, వాళ్ళను చూసి ఆయన కూడా నవ్వేశాడు. ఆ ఫోటో కూడా ఆవాల గిన్నెలోకే వెళ్ళింది.

ఒక్క కార్డు పోకుండా తార్నాక చేరాను. గేటు తీస్తుండగానే ఆంటీ, "మొహం చూడు ఎలా కమిలిపోయిందో, ముందు తిను" అని వంటింట్లోకి లాక్కెళ్ళింది. చున్నీ విప్పేసి డబ్బాను గట్టు మీద పెట్టి, తిని, మేడెక్కి పడుకున్నాను. అంత జాగ్రత్తగా ఊళ్ళన్నీ తిప్పి తెచ్చినదాన్ని చివరికి ఎక్కడ పెట్టానో చూడండి.

మర్నాడు బంద్. లాప్‌టాప్ స్నేహితుడు ఊరి నుంచి వచ్చాడని తెలిసి, డబ్బా తీసుకుందామని కిందికి దిగాను. మూత తీస్తే మధ్య గిన్నెలో ఆవాలు. నిజం ఆవాలు. పక్కన జీలకర్ర, మినప్పప్పు, ఎండు మిరపకాయ ముక్కలు.

అంకుల్ హాల్లో పేపరు చదువుకుంటున్నారు. ఆంటీ ఏదని అడిగాను.

"మౌలాలి వెళ్ళింది. వాళ్ళ చెల్లెలు కొత్తింట్లోకి మారిందిగా, ఇవాళ పూజ, పులిహోర మీ ఆంటీ చేయాలట. సామాన్లింకా మూటల్లోనే ఉన్నాయట. బంద్ మొదలవకముందే ఆటో మాట్లాడుకుని పోపుల డబ్బాతో సహా పట్టుకెళ్ళింది."

నేను మూత తీసిన డబ్బాను ఆయన ముందు పెట్టాను. అంకుల్ ఆవాల వైపు చూశారు, నా మొహం చూశారు, పేపరు మడిచారు.

"అయితే మీ ఆంటీ పోపనుకుని నీ ఉద్యమం పట్టుకెళ్ళింది" అన్నారు.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆంటీ ఎత్తలేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి అంకుల్ చొక్కా తగిలించుకుని స్కూటర్ తాళం తీశారు. రోజూ పొద్దున్నే బంద్‌లను తిట్టనిదే కాఫీ దిగని మనిషి, బంద్ రోజున ఉద్యమం ఫోటోల కోసం బండి బయటికి తీశారు.

తార్నాక చౌరస్తాలోనే మమ్మల్ని ఆపారు. రోడ్డు మధ్య వంటావార్పు నడుస్తోంది. రాళ్ళ పొయ్యి మీద పెద్ద గంగాళం, చుట్టూ విద్యార్థులు, పాటలు. కెమెరా పట్టుకుని మా ఫోటోగ్రాఫర్ కూడా అక్కడే ఉన్నాడు.

"నువ్వు గీడేం జేస్తున్నవే? కార్డులేవి?"

"మౌలాలి పోయినయి."

"గాడికెందుకు పోయినయి?"

"పులిహోర చెయ్యనీకె."

వాడు వెంటనే స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. "నా బండి ముగ్గుర్ని లాగదయ్యా" అని అంకుల్ అంటున్నా దిగలేదు.

ఈలోగా ఒకమ్మాయి విస్తరాకులో కిచిడీ తెచ్చి అంకుల్ ముందు పెట్టింది. "అంకుల్, మీరు జై అనకున్నా మంచిదే. తిని పోండ్రి."

"వద్దమ్మా, టిఫిన్ చేశాను" అన్నారు అంకుల్. మర్యాదకు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆగి, ఇంకో ముద్ద తిన్నారు. నేను స్కూటర్ చుట్టూ తిరుగుతున్నాను. ఆయన తీరిగ్గా ఆకు ఖాళీ చేసి, "నంజుకోవడానికి పచ్చడేమైనా ఉందా?" అని అడిగారు. ఉల్లిగడ్డ ముక్క ఇచ్చారు. మళ్ళీ వడ్డించుకున్నారు.

"అంకుల్, ఆంటీ పోపేస్తది!" అన్నాను ఏడుపు గొంతుతో.

"తిండి దగ్గర తొందర పనికిరాదమ్మా" అన్నారు ఆయన.

చివరికి ముగ్గురం ఒక స్కూటర్ మీద, ఖాళీ రోడ్డు మీద, లాలాపేట మీదుగా మౌలాలి చేరాం. ఎత్తు వచ్చినచోటల్లా ఫోటోగ్రాఫర్ దిగి వెనక నుంచి తోశాడు. గుట్ట కింద సందులో మామిడి తోరణం కట్టిన ఇల్లు. చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి పరుగెత్తాను.

ఆంటీ పొయ్యి ముందు నిలబడి, వెనక్కి తిరిగి చెల్లెలితో ఏదో చెబుతోంది. పెద్ద మూకుడులో నూనె కాగుతోంది. మాట చెబుతూనే, చూడకుండానే ఆమె వేళ్ళు డబ్బాలోకి వెళ్ళాయి.

"ఆంటీ, ఆగండి!" అని అరిచాను.

ఆమె నా వైపు తిరిగింది. చెయ్యి మాత్రం ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ తన పని తాను చేసేసింది.

"ఏంటమ్మా, నువ్వెలా వచ్చావు? ఇదేంటి, ఆవాలు చిటపటలాడట్లేదు?"

ఫోటోగ్రాఫర్ ఒక్క దూకులో చిల్లుల గరిటె అందుకుని నూనెలోంచి కార్డును పైకి తీశాడు. మా ఊరి కార్డు పెట్టిన మధ్య గిన్నె ఖాళీగా ఉంది.

తర్వాత జరిగిన వైద్యం అంతా ఇంతా కాదు. ఆంటీ తన నూలు చీర కొంగుతో తుడిచింది. చెల్లెలు సున్నిపిండితో రుద్దమంది. "పిండి లోపలికి పోతది" అని ఫోటోగ్రాఫర్ దాన్ని గుండెలకు హత్తుకుని ఎవరినీ ముట్టనివ్వలేదు. అంకుల్ దూరం నుంచి, "ముందు స్టవ్ ఆర్పండి" అని అరుస్తున్నారు. ఆ నూనె పారబోసి, కొత్త నూనెతో, పొరుగింటి ఆవాలతో పులిహోర కలిపారు. అంకుల్ ఆకలిగా లేదని తినలేదు. అదేం విచిత్రమని ఆంటీ చాలాసేపు ఆశ్చర్యపోయింది. ఆయన వాటా కూడా మేమిద్దరమే తిన్నాం.

మర్నాడు పొద్దున నేను క్యాంపస్‌కు బయలుదేరుతుంటే ఆంటీ చీర మార్చుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. "నేనూ వస్తాను. నా చేత్తో పాడు చేశాను, ఏమైందో నా కళ్ళతో చూడాలి." ముళ్ళకంచెలు, పోలీసు వ్యాన్లు దాటుకుంటూ నా చెయ్యి పట్టుకుని నడిచింది. క్యాంటీన్ పక్కన చెట్టు కింద బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టాం.

లాప్‌టాప్ స్నేహితుడు కార్డు పట్టుకుని వాసన చూశాడు. "గిది కార్డా, మిర్చి బజ్జీనా? నా లాప్‌టాప్‌ల పెట్టను."

"పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది" అంది ఆంటీ. అంత పెద్దావిడ బతిమాలితే కాదనలేక, దూదితో తుడిచి తుడిచి లోపలికి తోశాడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఆంటీ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. చాలాసేపటికి ఒక బొమ్మ తెరుచుకుంది. దాని వెనక ఇంకొకటి.

అందరం కేకలు పెట్టాం. మా ఊరి రోడ్డు, డప్పులు, బస్సు మీద జెండాలు, బతుకమ్మ పాట పాడుతున్న ఆడవాళ్ళు. వాళ్ళ ముందు మంగళహారతి పళ్ళెం పట్టుకుని, ఎండకు కళ్ళు చికిలించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న మనిషి.

"ఎంత కళగా ఉందో! ఈవిడెవరమ్మా?" అని అడిగింది ఆంటీ.

"మా అమ్మ, ఆంటీ."

ఆంటీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో రామ! మీ అమ్మగారినా నేను నూనెలో వేసింది!"

బెంచీ చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆంటీకి మాత్రం నవ్వు రాలేదు. అప్పటికప్పుడు మా అమ్మకు ఫోన్ కలపమని పట్టుబట్టింది. ఒకరినొకరు ఎప్పుడూ చూడని ఇద్దరు ఆడవాళ్ళు. ఆంటీ జరిగింది మొదటినుంచీ చెప్పి, "ఏమనుకోకండి వదినగారూ, పొరపాటున వేశాను" అంది.

అమ్మ గొంతు అలవాటుగా పెద్దది. ఫోన్‌లోంచి మా అందరికీ వినిపించింది. "ఏం గాలే వదినా! దినామూ పొలంల ఎండకు ఏగుతనే ఉన్న, జర నూనెల ఏగితే ఏమైతది? మా బిడ్డ మంచిగ తింటున్నదా?"

"ఎక్కడమ్మా, పిట్ట తిన్నట్టు తింటుంది."

"గట్లనే జేస్తది. పచ్చిపులుసు చేసి పెట్టు వదినా, మంచిగ తింటది."

"పచ్చిపులుసా? అదెలా చేస్తారు?"

"నీకు పచ్చిపులుసు రాదా!" అని అమ్మ అరిచిన అరుపుకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. చింతపండు ఎంత నానాలో, ఉల్లిగడ్డ ఎలా పిసకాలో అమ్మ చెబుతోంది. ఆంటీ ఊఁ కొడుతూ, మధ్యలో "పోపు పెట్టాలా, వద్దా?" అని అడిగింది. ఆ మాటకు మా ఫోటోగ్రాఫర్ మిగిలిన కార్డులన్నీ జేబులో వేసుకుని బెంచీకి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.