చిల్లుల కుండ

మా ఇంట్లో చేప వండరు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత జరిగినదంతా దీనిమీదే నడిచింది కాబట్టి. కొల్లేటి ఒడ్డు హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు సోషల్ టీచరుగా పనిచేశాను. చేపలు పట్టే ఇళ్ళ పిల్లలకు ఖండాలూ, రాజవంశాలూ, రాజ్యాంగమూ చెప్పాను. కానీ చేప ఒంట్లో ముల్లు ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. తెలుసుకోమని ఎవరూ అనలేదు, తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు.

రిటైరైన మరుసటి వేసవిలో ఒక పొద్దున్న నా పాత విద్యార్థి ఒకడు మోటారుసైకిలు మీద చేపల మేత గోతం పెట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చాడు. నలభై దాటినవాడు. లంక ఊళ్ళో చేపల చెరువు మీద పనిచేస్తాడు. బడిలో చివరి బెంచీ, మార్కులు అంతంతమాత్రం, ప్రశ్నలు మాత్రం దండిగా వేసేవాడు. "మా ఊరు ఈ పుస్తకంలో ఏ పేజీలో ఉందండీ?" అని ఒకసారి నన్ను క్లాసులో అడిగి, నా చేత కూర్చోమనిపించుకున్నాడు. ఆ పొద్దున్న మా గుమ్మం బయటే నిలబడి, గోతంలోంచి ఒక మట్టికుండ తీసి నా చేతుల్లో పెట్టాడు.

"చెరువు గట్టు బాగుచేస్తుంటే పొక్లెయిన్ బకెట్లో వచ్చిందండీ. నిలువెత్తు లోతున ఉందండీ. కడగలేదండీ, ఎలా ఉందో అలాగే తెచ్చాను."

"పర్లేదులే, నేను కడుక్కుంటాను," అన్నాను. మురికి వస్తువు తెచ్చినందుకు మొహమాటపడుతున్నాడనుకున్నాను.

ఏదో అనబోయి ఆగాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. ఈమధ్య ఏదో మీటింగులో ఒక పెద్దమనిషి వాళ్ళ ఊరివాళ్ళందరినీ చూపించి, మీరంతా నిన్నమొన్న కొల్లేటిలో చొరబడినవాళ్ళు అన్నాడట. అది అతనికి గుండెల్లో దిగబడిపోయింది. "ఇది చేపలు పట్టే కుండేనండీ. పూర్వం నుంచీ ఇక్కడ చేపలు పట్టేవాళ్ళున్నారని చదువుకున్నోళ్ళు ఎవరైనా ఒక్క ముక్క కాగితం మీద రాస్తే చాలండీ. మా పిల్లలకి చూపించుకుంటాను." ఆ కాగితం తప్ప అతను నన్ను ఇంకేమీ అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

కుండ చూడ్డానికి చిత్రంగా ఉంది. జానెడున్నర ఎత్తు, కాల్చిన ఎర్రమట్టి, చిన్న గుమ్మడికాయంత పొట్ట. మూతి పిడికిలి దూరేంత. పొట్ట చుట్టూ పెన్సిలు పట్టే చిల్లులు. ఒక పక్క పిడి విరిగిపోయింది. లోపల సగం దాకా మట్టి గట్టిపడి ఉంది.

అతను అటు వెళ్ళగానే పెరట్లో పంపు దగ్గర కూర్చున్నాను. శుక్రవారం పూజసామాను తోముకునే చోటు అదే. గరిటె కాడతో మట్టి గీకితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఆ మట్టిలో మూడో నాలుగో ముళ్ళలాంటివి కనపడ్డాయి. వేలి కణుపంత పొడుగు, గోధుమరంగు, ఒక అంచున రంపంలా సన్నటి పళ్ళు. ఏదో తుప్పముల్లు అనుకున్నాను. మట్టితోపాటు అవీ నీళ్ళలో కొట్టుకుని వీధి కాలవలోకి పోయాయి. తర్వాత చింతపండు పెట్టి లోపలా బయటా తోమాను. తోమాక పసుపునీళ్ళు చల్లాను. ఎందుకు చల్లానో అప్పుడు ఆలోచించలేదు. కుండ ఎర్రగా నిగనిగలాడుతుంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలు మా వరండాలో వాదనలే వాదనలు. అన్నయ్య తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేస్తాడు. సంగతి ఫోనులో చెప్పగానే ప్యాసింజరెక్కి దిగిపోయాడు. కుండను కళ్ళకద్దుకుని, "ఇది అభిషేకపాత్ర అమ్మాయ్, సందేహమే లేదు. ఇందులో నీళ్ళు పోసి స్వామి మీద వేలాడదీస్తారు, సహస్రధారలుగా పడతాయి," అన్నాడు.

"చిల్లులు అడుగున కదా ఉండాలి? ఇవి పక్కల ఉన్నాయి. నీళ్ళు స్వామి మీద పడవు, నీ పంచె మీద పడతాయి," అన్నాను.

"నీకు అన్నీ వెటకారమే," అని కాఫీ అడిగాడు.

నా సిద్ధాంతం నాకుంది. ఈ చుట్టుపక్కల దిబ్బల్లో పాతకాలపు ఇటుకలు దొరికాయని వింటూనే ఉంటాం. కాబట్టి ఇది బౌద్ధ సన్యాసులు పొగవేసుకునే ధూపపు కుండ అని తేల్చేశాను. చిల్లుల్లోంచి పొగ వస్తుంది, పిడి పట్టుకుని ఊపుతారు. లోపల మసి ఏదని అన్నయ్య అడిగాడు. నేను కడిగేశాను కదా, ఎలా ఉంటుంది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నాకు బుర్ర వెలగలేదు.

ఆదివారాల్లో కుండ తెచ్చిన అతనూ వచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా మెట్టు మీద కూర్చునేవాడు. అతని మాట ఒక్కటే. "మేం వెదురుతో మావు అల్లుకుని నీళ్ళలో పెడతాం కదండీ, చేపలు పడడానికి. ఇదీ అలాంటిదేనండీ. జెల్ల చేపకి చీకటిగా బొరియ కనపడితే దూరిపోవడం అలవాటండీ. దూరాక వెనక్కి రాలేదండీ, దాని రెక్కల దగ్గర ముల్లు అడ్డంగా నిక్కుద్ది. కుండ పైకెత్తితే చిల్లుల్లోంచి నీళ్ళు పోతాయి, చేప ఉండిపోద్దండీ."

అన్నయ్య నవ్వాడు. నేను నవ్వలేదు గానీ, పాపం, తన పని తప్ప వేరే తెలియనివాడు అలాగే అనుకుంటాడులే అని లోపల అనుకున్నాను. మేమిద్దరం చేస్తున్నదీ అదేనని తట్టలేదు. పూజలు చేయించేవాడికి పూజ కనపడింది, పాఠం చెప్పేదానికి పాఠం కనపడింది.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన్ని పిలిపించాను. జీవితమంతా తవ్వకాల్లో పనిచేసి విశ్రాంతిగా ఉన్నాయన. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనా, అన్నయ్యా, నేనూ కుర్చీల్లో, అతను మెట్టు మీద. మా ముగ్గురి వాదనలూ ఆయనకు ముందే ఫోనులో చెప్పాను. ఆయన కుండను ఎండలోకి తిప్పి చాలాసేపు చూశారు. గోరుతో గీకారు, వాసన చూశారు.

"పాతదే. చాలా పాతది. ఎవరు కడిగారండీ దీన్ని?"

"నేనేనండీ," అన్నాను, ఇంకా కాస్త గర్వంగానే.

ఆయన నిట్టూర్చి, సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, అందులోని వస్తువొకటి అరచేతిలో పెట్టి చూపించారు. "ఈ అబ్బాయి చెప్పేది కొట్టిపారేసేది కాదండీ. ఇది వేరే చోట దొరికిన జెల్ల ముల్లు. ఇలాంటిది ఈ కుండ లోపలి మట్టిలో ఒక్కటి కనపడినా దారి దొరికేది. ఏ కాలంనాటిదో కూడా లెక్కకట్టి చూడొచ్చు. లోపల ఇలాంటిదేమైనా కనపడిందా?"

వేలి కణుపంత పొడుగు. గోధుమరంగు. ఒక అంచున రంపంలా పళ్ళు.

అన్నయ్య నావంక చూస్తున్నాడు. పెద్దాయన కలం పట్టుకుని ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఆధారాలంటే ఏమిటో పాఠం చెప్పిన మనిషిని. "లేదండీ, వట్టి మట్టే," అన్నాను.

మెట్టు మీద అతను తల వంచుకుని తన కాళ్ళు చూసుకుంటున్నాడు.

పెద్దాయన కాగితం మీద కుండ కొలతలన్నీ శ్రద్ధగా రాసి, చివర "ఉపయోగం తెలియదు" అని రాశారు. కుండను పురావస్తు శాఖ ఆఫీసులో అప్పజెప్పే పని ఆయనే చూసుకున్నారు. ఆ కాగితం నకలు ఒకటి అతని చేతికిచ్చాను. అతను రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "చాలా శ్రమ తీసుకున్నారండీ," అని వెళ్ళిపోయాడు.

అన్నయ్యతో తర్వాత నిజం చెప్పాను. "కొల్లేటి మట్టిలో చేపముల్లు ఉండకేం చేస్తుంది? దానికింత బాధెందుకు? అది కుండలో పట్టిన చేపదే అని రుజువేమిటి?" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ ఆ మాట తేల్చవలసింది తెలిసినవాళ్ళు, మా పెరటి పంపు కాదు. పెద్దాయనకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. మీరు చెప్పింది కాగితం వెనక రాసిపెడతాను గానీ, వస్తువు లేకుండా మాటకు బలం ఉండదండీ అని జవాబిచ్చారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు.

ఇక అతనికి చెప్పడం మిగిలింది. నెలన్నర వాయిదా వేశాను, సిగ్గుతోనే. చివరికి బస్సెక్కి, దిగాక ఆటో పట్టుకుని వాళ్ళ చెరువు గట్టుకు వెళ్ళాను. అతను దోనెలోంచి మేత చల్లుతున్నాడు. నన్ను చూసి గబగబా ఒడ్డుకు వచ్చి, చేతులు కడుక్కుని, కూర్చోడానికి ఏదైనా ఉందేమోనని వెతకబోయాడు. వద్దన్నాను. నిలబడే మొత్తం చెప్పాను. ముళ్ళు చూశానని, పారబోశానని, అందరి ముందూ అబద్ధమాడానని.

"తెలుసండీ," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మీకిచ్చేముందు చిల్లుల్లోంచి లోపలికి చూశానండీ. జెల్ల ముళ్ళు కనపడ్డాయి. అందుకే కడక్కుండా తెచ్చాను."

"మరి ఆ రోజు నేను కడుక్కుంటానన్నప్పుడు వద్దనలేకపోయావా? ఆ పెద్దాయన అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?" నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"ఆయన ముందు మీ మాట అబద్ధమని ఎలా అంటానండీ, మీరు నాకు పాఠం చెప్పినోరు." తర్వాత చాలా మామూలుగా, నన్ను సముదాయిస్తున్నట్టు అన్నాడు. "కడగొద్దని చెబ్దామనే అనుకున్నానండీ. మా ఇంటి నుంచి వచ్చిన వస్తువు కదా, కడక్కుండా మీరు లోపల ఎలా పెట్టుకుంటారులే అని ఊరుకున్నాను."

అయ్యో, అందుకు కాదయ్యా అని నోటిదాకా వచ్చింది. మట్టి చింతపండుతో తోమినప్పుడే పోయింది. పసుపునీళ్ళు చల్లింది మట్టి పోవడానికి కాదు. ఆ మాట నాకు తెలుసు కాబట్టి, అతని ఎదుట రెండో అబద్ధం ఆడలేక అలాగే నిలబడిపోయాను.